జ్వరమే రాని బాబుకి డెంగీ ఎప్పుడు సోకింది?

ప్రశ్న: డాక్టర్‌ గారూ, మా నగరంలో ఏటా డెంగీ కేసులు వస్తూనే ఉంటాయి. మా బాబుకి 8 ఏళ్లు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి డెంగీ మొదటిసారి ఎప్పుడు సోకుతోందో గమనించే ఒక అధ్యయనంలో వాణ్ని చేర్చాం. ఏడాదికోసారి కొద్దిగా రక్తం తీసుకుంటారు. కిందటేడు డెంగీ ఐజీజీ (వైరస్‌ సోకాక ఒంట్లో తయారై చాలాకాలం ఉండే యాంటీబాడీల పరీక్ష) నెగెటివ్‌, ఈసారి పాజిటివ్‌ అన్నారు. మధ్యలో వాడికి జ్వరం వచ్చిన గుర్తే లేదు. పరీక్ష తప్పయి ఉంటుందా? రెండోసారి వస్తే ప్రాణాల మీదికి వస్తుందని బంధువులు భయపెడుతున్నారు. టీకా వేయించాలా? ఇంట్లో 5 నెలల పాప కూడా ఉంది. – ఓ తల్లి

సలహా: అమ్మా, జ్వరం రాలేదు కాబట్టి పరీక్ష తప్పని అనుకోవద్దు. డెంగీ వైరస్‌ సోకిన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి చెప్పుకోదగ్గ లక్షణాలేవీ కనిపించవు. చిన్నపిల్లల్లో మొదటిసారి సోకినప్పుడు ఇలా తెలియకుండా గడిచిపోవడం మరీ ఎక్కువ. ఒక సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చబడి, అన్నం సరిగా తినకుండా పడుకుని, మర్నాడు మామూలుగా బడికి వెళ్లిపోతే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే డెంగీ తిరుగుతున్న ఊళ్లో ‘మా పిల్లాడికి ఇంతవరకు రాలేదు’ అని పెద్దవాళ్లు చెప్పినా, ఆ మాట మీద ఆధారపడి నేను నిర్ణయాలు తీసుకోను.

నిజానికి మీ దగ్గరున్న సమాచారం చాలామంది తల్లిదండ్రులకి దొరకదు. ఒక్కసారి చేసిన పరీక్షలో ఐజీజీ పాజిటివ్‌ వస్తే గతంలో ఎప్పుడో సోకిందని మాత్రమే తెలుస్తుంది. నెల కిందటా, నాలుగేళ్ల కిందటా అన్నది ఆ కాగితం చెప్పదు. మీ బాబు విషయంలో కిందటేడు లేని యాంటీబాడీలు ఈ ఏడు కనిపించాయి. అంటే ఆ రెండు నమూనాల మధ్యే వైరస్‌ ఒంట్లోకి వచ్చి వెళ్లింది. ఒక సంగతి మాత్రం అధ్యయనం చేస్తున్నవాళ్లకి చెప్పండి: ఈ మధ్యకాలంలో బాబుకి జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌ టీకాగానీ ఎల్లో ఫీవర్‌ టీకాగానీ వేయించారా? ఈ జబ్బుల వైరస్‌లూ, జికా వైరస్‌ కూడా డెంగీకి దగ్గరి బంధువులు. వీటివల్ల పుట్టిన యాంటీబాడీలు డెంగీ ఐజీజీ పరీక్షని పాజిటివ్‌గా చూపించగలవు. అవేవీ లేకపోతే, మీ బాబుకి డెంగీ మొదటిసారి సోకిందనే నేననుకుంటాను.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల రక్తం ఎందుకని చాలామంది తల్లులు అడుగుతుంటారు. ఆస్పత్రి రికార్డుల్లోకి ఎక్కేది జబ్బుపడి వచ్చినవాళ్లే. లక్షణాల్లేకుండా సోకినవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. మొదటిసారి సోకుతున్న పిల్లల్ని లెక్కపెడితే నగరంలో వైరస్‌ ఎంత జోరుగా తిరుగుతోందో నేరుగా తెలుస్తుంది. ఉదాహరణకి, ఇంకా సోకని పిల్లల్లో ఏటా నూటికి 10 మందికి సోకుతోందనుకోండి. ఆ లెక్కన 5 ఏళ్లు నిండేసరికి నూటికి 41 మందికి, 9 ఏళ్లు నిండేసరికి నూటికి 61 మందికి సోకిపోయి ఉంటుంది. ఈ అంకె ఊరికే కాగితం మీద ఉండిపోయేది కాదు. 9 ఏళ్లకల్లా నూటికి 60 మందికి పైగా సోకే ప్రాంతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ డెంగీ ఉద్ధృతి ఎక్కువగా ఉన్న ప్రాంతంగా పరిగణిస్తుంది. టీకా ఎక్కడ ఇవ్వాలన్న నిర్ణయానికి అది ఒక కొలమానం.

ఇంకో కారణం కూడా ఉంది. డెంగీలో 4 రకాల వైరస్‌లున్నాయి. మొదటిసారి సోకినప్పుడు పుట్టే యాంటీబాడీలని లోతుగా పరీక్షిస్తే అది ఏ రకమో చాలావరకు తేల్చవచ్చు. రెండో రకం కూడా సోకాక యాంటీబాడీలు అన్ని రకాల మీదా పనిచేసేలా కలగలిసిపోతాయి. అప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది రక్తం చూసి చెప్పడం కష్టం. నికరాగ్వా రాజధాని మనాగ్వాలో 2004 నుంచి పిల్లల్ని ఇలాగే ఏటా గమనిస్తున్నారు. సుమారు 8 వేల మంది పిల్లల రక్త నమూనాల ఆధారంగా 2017లో వెలువడిన ఫలితాలు డాక్టర్లందరికీ పనికొచ్చాయి. యాంటీబాడీలు బాగా ఎక్కువగా ఉన్న పిల్లలకి రక్షణ ఉంది. ఒక మోస్తరు తక్కువ స్థాయిలో ఉన్నవాళ్లకే, అసలు లేనివాళ్లకంటే కూడా, జబ్బు ముదిరే ముప్పు ఎక్కువని తేలింది. ఆ స్థాయిలో ఉన్న యాంటీబాడీలు కొత్తగా వచ్చిన రకానికి అంటుకుంటాయిగానీ దాన్ని చంపలేవు. పైగా అది కణాల్లోకి దూరడానికి తోడ్పడతాయి.

మీ బంధువుల భయానికి మూలం ఇదే. క్యూబాలో 1977లో డెంగీ-1 వ్యాపించింది. 1981లో డెంగీ-2 వచ్చి 158 మందిని పొట్టనపెట్టుకుంది. వారిలో 101 మంది పిల్లలు. అదే దేశంలో 1997లో సాంటియాగో నగరానికి డెంగీ-2 మళ్లీ వచ్చినప్పుడు, ప్రాణాపాయం దాకా వెళ్లినవాళ్లు దాదాపు అందరూ ఎప్పుడో 20 ఏళ్ల కిందట డెంగీ-1 సోకిన పెద్దవాళ్లే.

అయినా దీన్ని పట్టుకుని నిద్ర పాడుచేసుకోకండి. రెండోసారి సోకినవాళ్లలోనూ అత్యధికులు మామూలుగానే కోలుకుంటారు. మీ బాబుకి సోకిన రకం నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది. మిగతా రకాల నుంచి కొన్ని నెలలపాటు కొంత రక్షణ ఉండి తర్వాత తగ్గిపోతుంది. ‘మొదటిసారే కదా, ఏం కాదు’ అన్న ధీమా కూడా తప్పే. భారతదేశంలో ఆస్పత్రుల్లో చేరిన పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2024లో వెలువడింది. అందులో తీవ్రంగా జబ్బుపడిన పిల్లల్లో సగానికి పైగా మొదటిసారి సోకినవాళ్లే.

కాబట్టి ఈ రెండు రిపోర్టులూ జాగ్రత్తగా దాచండి. రేపెప్పుడైనా బాబుకి జ్వరం వస్తే వాటిని డాక్టరుకి చూపించడం ఎంతో అవసరం. రెండోసారి సోకినప్పుడు ఎన్‌ఎస్‌1 (రక్తంలో కనిపించే వైరస్‌ ప్రొటీన్‌) త్వరగా మాయమవుతుంది. ఐజీఎం (సోకిన కొత్తలో పుట్టే యాంటీబాడీ) బలహీనంగా ఉండొచ్చు, ఒక్కోసారి కనిపించకపోవచ్చు కూడా. ఐజీజీ మాత్రం జ్వరం మొదలైన కొద్దిరోజుల్లోనే బాగా పెరుగుతుంది. పాత సంగతి తెలియకపోతే ‘ఎన్‌ఎస్‌1, ఐజీఎం నెగెటివ్‌, డెంగీ కాదు’ అని ఇంటికి పంపేసే ప్రమాదముంది. జ్వరం ఏ తేదీన మొదలైందో కచ్చితంగా రాసి పెట్టుకోండి. ఏ పరీక్ష ఫలితానికైనా అర్థం ఆ తేదీని బట్టే.

జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్‌ మాత్రమే ఇవ్వాలి. ఆస్పిరిన్‌, ఐబూప్రొఫెన్‌, డైక్లోఫెనాక్‌ వద్దు. ద్రవాలు బాగా తాగించండి. ఒక్క మాట గట్టిగా చెబుతాను: జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే సమయమే డెంగీలో అసలైన గడ్డుకాలం. 3వ రోజు నుంచి 7వ రోజు మధ్య, జ్వరం దిగుతుండగా, రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారడం మొదలవుతుంది. విడవకుండా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మూత్రం తగ్గడం, పిల్లాడు మత్తుగా పడి ఉండటం లేదా విపరీతమైన చిరాకు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కదాన్నే చూస్తూ కూర్చోకండి. హెమటోక్రిట్‌ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతోందా అని కూడా అడగండి. ప్లాస్మా కారుతోందని ముందు చెప్పేది అదే.

ఇక టీకా. 2016లో ఫిలిప్పీన్స్‌లో 8 లక్షల మందికి పైగా పిల్లలకి అప్పటి కొత్త డెంగీ టీకా వేశారు. అప్పటిదాకా ఒక్కసారి కూడా డెంగీ సోకనివాళ్లకి ఆ టీకా మేలు చేయకపోగా, తర్వాత వైరస్‌ సోకితే జబ్బు తీవ్రమయ్యే అవకాశం పెంచుతుందని 2017 చివర్లో తేలింది. ముందే సోకిందో లేదో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో అందరికీ అప్పుడే అర్థమైంది. తర్వాత వచ్చిన టీఏకే-003 టీకాని, ఉద్ధృతి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 6–16 ఏళ్ల పిల్లలకి 3 నెలల తేడాతో 2 డోసులుగా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి ముందస్తు రక్తపరీక్ష తప్పనిసరి కాదు. మీ దేశంలో దానికి అనుమతి ఉంటే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. ఒకసారి సోకినట్టు తేలిన మీ బాబులాంటి పిల్లలకి దానివల్ల ప్రయోజనం స్పష్టంగా కనిపించింది.

బాబుకన్నా పాప గురించే నేను ఎక్కువ ఆలోచిస్తున్నాను. మీకు గతంలో డెంగీ సోకి ఉంటే మీ యాంటీబాడీలు గర్భంలోనే పాపకి చేరి ఉంటాయి. పుట్టిన కొత్తలో అవి కాపాడతాయి. 6వ నెల తర్వాత అవి తగ్గుతూ, పైన చెప్పిన ఆ తక్కువ స్థాయికి దిగుతాయి. అప్పుడు పాపకి మొదటిసారి సోకినా తీవ్రం కావచ్చు. బాబుకి వైరస్‌ బడిలో సోకిందో ఇంట్లో సోకిందో చెప్పలేం. అయితే డెంగీని మోసే దోమ పుట్టినచోటు నుంచి ఎక్కువ దూరం ఎగరదు కాబట్టి ముందు ఇంటి చుట్టూ వెతకండి. నీళ్ల తొట్లు, డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడలు గట్టిగా తోమండి. గోడకి అంటుకున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఇది పగలు కుట్టే దోమ. పాపని పగలు పడుకోబెట్టినప్పుడు కూడా దోమతెర కట్టండి. పాపకి జ్వరం వస్తే అదేరోజు డాక్టరుకి చూపించి, అన్నకి ఈ ఏడు పాజిటివ్‌ వచ్చిన సంగతి చెప్పండి.