రక్తపింజర మనిషిని వెంటాడి కాటేస్తుందా?

వెంటాడదు. వెంటపడే పామే అయితే దూరం నుంచే కనబడేది, ఇన్ని కాట్లు ఉండేవి కావు. పింజర కదలదు, అదే దాని బలం. ఎలుకలు నడిచే దారి పక్కన ఎండుగడ్డిలో చుట్ట చుట్టుకుని గంటలకొద్దీ పడి ఉంటుంది. ఎలుక అందేంత దూరానికి రాగానే ఒక్క కాటు వేసి వదిలేస్తుంది. పట్టుకునే ఉంటే ఎలుక తిరగబడి కొరుకుతుంది మరి. అది కాస్త దూరం పోయి పడిపోయాక, నాలుకతో వాసన పట్టుకుంటూ నింపాదిగా వెళ్లి మింగుతుంది.

వరి కోతలప్పుడు గింజ కోసం ఎలుకలొస్తాయి, వాటికోసం పింజర వస్తుంది. కొడవలి పట్టిన మనిషి దుబ్బులోకి చెయ్యి పెట్టేది కూడా అక్కడే. ప్రెషర్ కుక్కర్‌లా బుస కొడుతుందంటారు, నిజమే, కానీ ప్రతిసారీ కొట్టదు. చప్పుడు లేదు కాబట్టి పాము లేదనుకోవద్దు. పనలు ఎత్తేముందు పొడవాటి కర్రతో పక్కకు దొర్లించండి. రాత్రి మోటారు వేయడానికి వెళ్తే మోకాళ్ల కిందిదాకా గమ్‌బూట్లు, టార్చి వెలుగు అడుగు పడే చోట.

ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది, ఒక్క కాన్పులో 20 నుంచి 40 దాకా. జానెడుండే ఆ పిల్లకీ పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టి వీడియోలు తీసేవాళ్లకు దండం! పింజర వీపు మీద మచ్చలు మూడు వరుసల్లో గొలుసులా ఉంటాయి, కొండచిలువవి అడ్డదిడ్డంగా ఉంటాయి. అనుమానముంటే ముట్టుకోకండి, అంతే.

కాటు పడితే కట్టు బిగించొద్దు, బ్లేడుతో కోయొద్దు. ఈ విషం కాటు దగ్గరి కండనే తినేస్తుంది, బిగిస్తే అదంతా అక్కడే నిలిచి కాలు పోతుంది. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలు కదలకుండా బద్ద కట్టి, 108లో ఆసుపత్రికి. మంత్రగాడి దగ్గర పోయే గంటే ప్రాణం తీసేది.

ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే, విషానికి విరుగుడు మందు (యాంటీవెనమ్) మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ గొట్టంలో, సబ్బుతో కడిగిన గాజులో మంచి రక్తం కూడా గడ్డకట్టదు, పరీక్ష తప్పుతుంది. మొదటిసారి గడ్డకట్టిందని ఇంటికి వచ్చేయకండి. ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించాలి, కనీసం 24 గంటలు అక్కడే ఉండాలి. మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా వెంటనే చెప్పండి, ఈ విషం కిడ్నీల మీదికి పోతుంది.