బ్యాంకు మునిగితే సర్కారు కాపాడదా అని అడిగిన హనుమకొండ అన్నకు

వచ్చిన ప్రశ్న ఇది: "సింగరేణిలో చేసి భూపాలపల్లిలో రిటైరయ్యాను, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. 22 లక్షలు స్టేట్ బ్యాంకులో, 14 లక్షలు ఒక కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో, 6 లక్షలు మా గల్లీ సొసైటీలో ఉన్నాయి, వాళ్లు 12 శాతం మిత్తి ఇస్తున్నారు. అన్నీ నా ఒక్కడి పేరు మీదే. బ్యాంకు మునిగితే 5 లక్షలే ఇస్తరని వాట్సాప్‌లో తిరుగుతోంది. 2008లో అమెరికా గవర్నమెంటు బ్యాంకుల్ని కాపాడింది కదా, మన దగ్గర కాపాడరా? మా ఇంటామె అంతా తీసి బంగారం కొందామంటోంది."

కాపాడతారు అన్నా, చాలాసార్లు కాపాడారు కూడా. అయితే ఏ బ్యాంకుని, ఎన్ని రోజులకి అన్నది చూడాలి, మీలాంటి వాళ్లకి దెబ్బ తగిలేది అక్కడే.

అమెరికా సంగతి మీ దాకా సగమే వచ్చింది. 2008 సెప్టెంబర్ 15న లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీస్తే సర్కారు చూస్తూ ఊరుకుంది. మర్నాడే ఏఐజీ అనే బీమా కంపెనీకి మాత్రం 85 బిలియన్ డాలర్ల అప్పు ఇప్పించి నిలబెట్టింది, ఎందుకంటే అది పడితే దాన్ని నమ్ముకున్న బ్యాంకులన్నీ దాని వెంటే పడతాయి. అక్టోబర్‌లో 700 బిలియన్ డాలర్లకు చట్టం చేసి, అందులోంచి బ్యాంకుల్లో వాటాలు కొన్నారు. అయినా ఆ తర్వాతి నాలుగైదేళ్లలో అక్కడ చిన్న బ్యాంకులు వందల్లో మూతపడ్డాయి. పెద్దది పడితే అందరికీ నష్టం కాబట్టి పట్టుకుంటారు, చిన్నదైతే డిపాజిటర్లకు బీమా డబ్బు కట్టి షట్టరు దించుతారు. న్యాయమా అంటే కాదు, కానీ జరిగేది అదే.

మన దగ్గర కూడా అంతే. యెస్ బ్యాంకు మీద 2020 మార్చి 5న మారటోరియం, అంటే చెల్లింపులకు బ్రేకు, పెట్టి మనిషికి 50 వేలకు మించి తీయొద్దన్నారు. స్టేట్ బ్యాంకు, ఇంకొన్ని బ్యాంకులు కలిసి డబ్బు పోసి మార్చి 18కల్లా ఆ బ్రేకు ఎత్తేశారు, డిపాజిటర్లకు పైసా పోలేదు. కానీ ఎఫ్‌డీ కంటే ఎక్కువ వడ్డీ అని ఏటీ1 బాండ్లు (బ్యాంకు మునిగే స్థితికొస్తే రద్దు చేసే వీలున్న బాండ్లు) కొన్నవాళ్లవి 8,415 కోట్లు రద్దు చేశారు, అది కోర్టుకెక్కింది. మన హైదరాబాద్ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకుని 2004లో మూడు వారాల్లోనే ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. అక్కడా డిపాజిట్లు నిలబడ్డాయి, షేర్లున్న వాళ్లకు సున్నా.

ఇప్పుడు పీఎంసీ చూడండి, ముంబయి కోఆపరేటివ్ బ్యాంకు. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు దాని లావాదేవీలు ఆపేసిన రోజు తీసుకోనిచ్చింది వెయ్యి రూపాయలు. వెయ్యి! 2022 జనవరిలో వేరే బ్యాంకులో కలిపాక కూడా 5 లక్షలకు పైన ఉన్నవాళ్లకు మిగతాది పదేళ్లలో విడతలవారీగా ఇస్తామన్నారు. అరవై దాటిన మనిషికి పదేళ్లంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

మా మేనమామ కూడా ఇలాగే ఒక కోఆపరేటివ్ బ్యాంకులో, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు ఎఫ్‌డీ వేశాడు, బిడ్డ పెళ్లికని. రసీదు మూలకి అత్తయ్య పసుపు బొట్టు పెట్టి ట్రంకు పెట్టెలో దాచింది. బ్యాంకు మూతపడ్డాక ఆయన ఆ రసీదు జేబులో పెట్టుకుని బస్సెక్కి పోయేవాడు, సాయంత్రానికి అదే రసీదుతో తిరిగొచ్చేవాడు; పెళ్లి అప్పు చేసే అయింది. అప్పట్లో బీమా లక్షే, అది కూడా లిక్విడేటర్ (మూతపడ్డ బ్యాంకు ఆస్తులమ్మి బాకీలు తీర్చే అధికారి) లెక్కలు తేలితేనే. 2020 ఫిబ్రవరి నుంచి బీమా 5 లక్షలు, 2021లో చట్టం మార్చాక బ్యాంకుని ఆపేసిన 90 రోజుల్లో ఆ డబ్బు ఇవ్వాలి. కాబట్టి వాట్సాప్ మాట ఈసారి అబద్ధం కాదు. ఒక మనిషికి, ఒక బ్యాంకులో, అన్ని బ్రాంచీల్లో ఒక్కడి పేరు మీదున్న అన్ని ఖాతాలూ కలిపి, అసలూ వడ్డీ కలిపి 5 లక్షలు.

స్టేట్ బ్యాంకులో ఉన్న 22 లక్షల గురించి నేనైతే నిద్ర చెడగొట్టుకోను. చట్టప్రకారం అక్కడా బీమా 5 లక్షలే, కానీ ప్రధాన యజమాని కేంద్ర ప్రభుత్వం, పైగా పడనివ్వకూడని బ్యాంకులని రిజర్వ్ బ్యాంకు పెట్టుకున్న జాబితాలో ఉంది.

14 లక్షలే నాకు టెన్షన్. ఆ బ్యాంకు చెడ్డదని అనట్లేదు, దాని పేరే నాకు తెలీదు. ఒకవేళ ఆపేస్తే మీకు 9 లక్షలు గాల్లో ఉంటాయి, అంతే. మీ పేరు మీద 4.5 లక్షలు ఉంచండి, వడ్డీకి చోటుండాలి కదా. వదిన పేరు మీద విడిగా ఇంకో 4.5, ఇద్దరి జాయింటులో ఇంకో 4.5 పెట్టినా మూడింటికీ వేరువేరుగా బీమా వర్తిస్తుంది. ఇంత తిప్పలెందుకు అనుకుంటే పైది పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేయండి: 60 దాటినవాళ్లకు 30 లక్షల దాకా, వడ్డీ మూడు నెలలకోసారి, వెనక ఉన్నది నేరుగా కేంద్ర ప్రభుత్వం. 2023 ఏప్రిల్‌లో రేటు 8.2 శాతం చేశారు, ఇప్పుడెంతో కౌంటర్లో అడిగి వేయండి.

ఇక సొసైటీ. బోర్డు మీద ఏం రాసున్నా అది బ్యాంకు కాదన్నా, ఆ 5 లక్షల బీమా దానికి లేదు, మునిగితే ఏ సర్కారూ రాదు. 12 శాతం ఇస్తున్నారంటే ఎవరికో అంతకంటే ఎక్కువకి అప్పిస్తున్నారన్నమాట, ఆ ఎవరో కట్టకపోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. గడువు దాకా ఆగకండి, వడ్డీ కోత పడినా తీసేయండి. మొత్తం ఒకేసారి ఇవ్వలేమంటే ఆ జవాబులోనే మీకు విషయం అర్థమైపోతుంది.

వదినగారి బంగారం ప్లాను: ఆమె అంటున్నది మేడారం బంగారమైతే, అదే జాతరలో మొక్కే బెల్లమైతే, నిలువెత్తు తూకం వేయించండి, నాకు అభ్యంతరం లేదు. నగల షాపుదైతే మాత్రం తరుగు, మజూరీ, జీఎస్టీ అన్నీ కొన్నరోజే పోతాయి, తర్వాత ఇంట్లో బీరువాకి కాపలా. బ్యాంకు భయానికి మందు అది కాదు. మనవరాలికి గొలుసు చేయించాలని ఉంటే అది వేరే సంగతి, చేయించండి.

అర్బన్ బ్యాంకు ఎఫ్‌డీలు ఏ ఏ తేదీల్లో పండుతున్నాయో, వాటి మీద ఆటో రెన్యువల్ టిక్ ఉందో లేదో ఈ వారమే రసీదులు తీసి చూడండి. ఉంటే ముందు అది తీయించండి.