మిర్చి మానెయ్యమనే ముందు

అల్లుడూ,

మిర్చి ఏరే కూలి పెంచకపోతే సిరొంచ తాలూకా అంతటా మిర్చి కొనొద్దని చెబుతామని ఫోన్‌లో అన్నావు. కోపం సరే. కానీ సంతలో గంపలో పోసిన మిర్చి ఏ చేనుదో, ఎవరు ఏరారో కొనేవాళ్లకెలా తెలుస్తుంది? పేరులేని సరుకు మానెయ్యమంటే దెబ్బ తగిలేది గంప పెట్టుకున్న ముసలమ్మకే.

నేనూ ఒకప్పుడు తొందరపడ్డాను. ఖమ్మం వైపు ఒక చేనులో కాంటా దగ్గర తరుగు పేరుతో సంచికి కిలోన్నర కోస్తున్నారని మా గుంపు చేత పని ఆపించాను. మూడోరోజుకల్లా ఇంకో గుంపు దిగింది. చేతుల మంట తగ్గకముందే పడవెక్కి ఇల్లు చేరాం. తీరా చూస్తే ఆ రైతూ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి పంట పెట్టినవాడే. రేటు అతని చేతిలో లేదు.

రైతును కాదు, సరుకు కొనే పెద్ద కంపెనీని పట్టుకోవాలి. అమెరికాలో ఇమ్మోకలీ అనే ఊరి టమాటా కూలీలు ఈ కిటుకు పట్టుకున్నారు. తోటల మీద సమ్మెలు చేసి చూశాక, 2001లో ఆ టమాటాలు వాడే టాకో బెల్ అనే హోటళ్ల కంపెనీ మీదికి మళ్లారు. పౌండు టమాటాలకు ఒక్క సెంటు ఎక్కువివ్వండి, అది కూలీకే చేరాలి అన్నారు. కాలేజీ పిల్లలు తమ క్యాంపస్‌ల నుంచి ఆ దుకాణాలను తీయించారు. 2005 మార్చిలో కంపెనీ దిగొచ్చింది. నాలుగేళ్లు పట్టింది మరి, నువ్వేమో సంక్రాంతికల్లా తేలాలంటున్నావు!

కాలిఫోర్నియా ద్రాక్ష కూలీల సమ్మె 1965లో మొదలైంది. జుమారా అనే పెద్ద కంపెనీ ద్రాక్ష కొనొద్దని 1967లో పిలుపిస్తే, అది వేరే తోటల లేబుళ్లతో సరుకు పంపింది. దాంతో మరుసటి ఏడు కాలిఫోర్నియా ద్రాక్ష మొత్తాన్నీ మానమనాల్సి వచ్చింది. 1970లో గానీ ఒప్పందాలు కుదరలేదు. ఈ లేబుళ్ల సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో.

అందుకని ముందు లారీ వెంట పో. కల్లం నుంచి యార్డుకు, అక్కణ్ణుంచి మిల్లుకు, చివరికి ఏ కారం ప్యాకెట్‌లోకి పోతోందో కనుక్కో. ఆ మిల్లు ఎన్ని పేర్లతో అమ్ముతోందో కూడా. నగరాల్లో బాగా పోయే ప్యాకెట్ ఒక్కటే ఎంచుకో. న్యాయమైన కూలి అని అడక్కు, కిలోకు ఇంత అని అడుగు. మైకు మిర్చి ఏరే ఆడవాళ్ల చేతికివ్వు, కూలీల గుంపులను తీసుకెళ్లే మన మేస్త్రీలం వెనక కూర్చోవచ్చు.

ఈ సీజన్‌లో ఎవరు ఎన్ని కిలోలు ఏరారో, ఎంత తరుగు తీశారో ఏ రోజుకారోజు రాయించు. నా పాత కాంటా పుస్తకం అటక మీదుంది, చెదలు కొంచెం తిన్నాయి. గీతలు ఎలా గీసుకోవాలో చూసుకోవడానికి పనికొస్తుంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ మామ