పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నాం.. అమెరికా రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. నా స్నేహితురాలు 2023 ఆగస్టులో ఎఫ్-1 వీసాతో ఎం.ఎస్.కు వచ్చింది. పెళ్లి కాలేదు గానీ 2024 నుంచి ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఆమెకు సంపాదన లేదు, అద్దె, సరుకులు అన్నీ నేనే చూసుకుంటున్నాను. 2025 రిటర్న్‌లో డిపెండెంట్‌గా (నా పోషణలో ఉన్న వ్యక్తిగా) చూపితే పన్నులో 500 డాలర్ల క్రెడిట్ (తగ్గింపు) కలిసొస్తుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చూపకండి. ఇక్కడ అడ్డు పెళ్లి కాకపోవడం కాదు, ఆమె వీసా. ఏడాది పొడవునా మీ ఇంట్లో ఉన్న మనిషి చుట్టం కాకపోయినా డిపెండెంట్ కావచ్చు. కానీ ఇండియా నుంచి వచ్చినవారైతే పన్ను లెక్కలో రెసిడెంట్ అయి ఉండాలి, అంటే సాధారణంగా అమెరికాలో తగినన్ని రోజులు గడిపి ఉండాలి. ఎఫ్-1 విద్యార్థులు ఇక్కడ గడిపిన రోజులు మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు లెక్కలోకి రావు. ఆగస్టులో దిగినా 2023 ఒక పూర్తి ఏడాది కిందే పోతుంది. కాబట్టి ఎఫ్-1లోనే కొనసాగితే 2027 చివరిదాకా ఆమె నాన్‌రెసిడెంటే. ఓపీటీలో (ఎఫ్-1 మీదే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే అనుమతి) ఉన్నా అంతే.

పైగా ఆమె ఏటా ఫారం 8843 పంపాలి. విద్యార్థిని కనుక నా రోజులు లెక్కించవద్దని చెప్పే కాగితం అది. ఆదాయం లేనివారు 2025 ఫారాన్ని 2026 జూన్ 15లోగా పంపాలి. ఆమె ఒకటి, మీరు ఇంకొకటి చెబితే చిక్కు మీకే. 500 డాలర్లు వడ్డీతో తిరిగి కట్టాలి. నిబంధనలు పట్టించుకోకుండా చూపారని తేలితే 2 ఏళ్లు ఆ క్రెడిట్ అడగలేరు. ఇప్పటికే ఫైల్ చేసి ఉంటే నోటీసు వచ్చేదాకా ఆగకుండా 1040-ఎక్స్‌ (రిటర్న్ సవరణ ఫారం)తో సరిదిద్దుకోండి.

ఆమె రెసిడెంట్ అయ్యాక కూడా మరో మూడు పరీక్షలున్నాయి. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా మీ ఇంట్లోనే ఉండాలి. జనవరి 10న సామాను దించుకుంటే ఆ ఏడు పోయినట్టే. సెలవులకు ఇండియా వెళ్లిరావడం ఫర్వాలేదు. ఆమె ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి (2025 పరిమితి). హైదరాబాద్ బ్యాంకులోని ఎఫ్‌డీ వడ్డీ కూడా ఇందులోకి వస్తుంది. ఆమె పోషణలో సగానికి మించి మీరే భరించాలి. ఆమె పేరున తీసుకున్న విద్యారుణంతో కట్టిన ఫీజు ఆమె ఖాతాలోకే వెళుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

ఒక హెచ్చరిక. లీజులో, ఇన్సూరెన్స్ కాగితాల్లో ఆమెను ‘భార్య’ అని రాయకండి. టెక్సాస్‌లో దంపతులమని ఒప్పుకుని, కలిసి ఉంటూ, నలుగురికీ అలాగే చెప్పుకుంటే లైసెన్స్ లేకపోయినా అది చట్టబద్ధమైన పెళ్లే. భార్య డిపెండెంట్ కాదు.

నిజంగా పెళ్లి ఆలోచన ఉంటే డిసెంబరు 31లోగా చేసుకోండి. నాన్‌రెసిడెంట్ భార్యతోనూ ఆ ఏడాదికి జాయింట్ రిటర్న్ ఎంచుకోవచ్చు. 2025 లెక్కల్లో స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను వేయకుండా వదిలేసే మొత్తం) 15,750 నుంచి 31,500 డాలర్లకు పెరుగుతుంది. అయితే ఇద్దరి ఇండియా ఆదాయమూ చూపాలి. ఆమెకు ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకపోతే ఐటిన్ (పన్ను గుర్తింపు సంఖ్య) కోసం డబ్ల్యూ-7 దరఖాస్తును రిటర్న్‌తోనే జతచేయండి.