థాయ్ కోడలు, డచ్ పరీక్ష: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. పెళ్లి మాట తెలిసినప్పటి నుంచి మన ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాం. మొదట్లో ముభావంగా ఉన్న మీ అమ్మ కూడా ఇప్పుడు అమ్మాయికి ఏ రంగు చీర నప్పుతుందో అడుగుతోంది. ఇక అమ్మాయిని ఇక్కడికి తెచ్చుకోవడం గురించి నువ్వు అడిగిన విషయానికి వస్తాను.

నీ స్నేహితుడి భార్య హైదరాబాద్ నుంచి మనం ఉంటున్న ఈ నెదర్లాండ్స్‌కు ఏ పరీక్షా రాయకుండానే వచ్చింది కాబట్టి మీకూ అలాగే జరిగిపోతుందని అనుకుంటున్నావు. జరగదు. అతను నైపుణ్య ఉద్యోగులకు ఇచ్చే అనుమతి మీద ఉన్నాడు. అలాంటివాళ్ల భార్యాభర్తలకు మినహాయింపు ఉంది. నువ్వు భారత పాస్‌పోర్టు వదులుకుని డచ్ పౌరుడివయ్యావు. డచ్ పౌరుడి దగ్గరకు థాయ్‌లాండ్ నుంచి కాపురానికి వచ్చే అమ్మాయి ముందు అక్కడే ప్రాథమిక ఇన్‌బుర్గరింగ్ పరీక్ష, అంటే డచ్ భాష, సమాజం తెలుసుకుని ఇక్కడ ఇమడడానికి పెట్టే పరీక్ష, పాసవ్వాలి. ఆ తరువాతే నివాస వీసాకు దరఖాస్తు. 2006 మార్చి నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. అమెరికా, కెనడా, జపాన్ లాంటి కొన్ని దేశాలవాళ్లకు వర్తించదు. ఒక దేశపు కోడలు విమానం ఎక్కితే చాలు, ఇంకో దేశపు కోడలు భాష నేర్చుకుని రావాలి. ఈ తేడా అన్యాయమని నేను ఇక్కడివాళ్ల ముఖం మీదే చెబుతుంటాను. కానీ మన అభిప్రాయాలతో వీసా రాదు కదా, పని మొదలుపెట్టాలి.

మిగతా షరతులతో నీకు పెద్ద చిక్కు లేదు. ఇద్దరికీ 21 ఏళ్లు నిండాయి. నీ జీతం ఇక్కడి కనీస వేతనం కంటే చాలా ఎక్కువ. ఒక్కటి మాత్రం చూసుకో. దరఖాస్తు పెట్టే రోజుకు నీ ఉద్యోగ ఒప్పందంలో ఇంకా కనీసం 12 నెలల గడువు మిగిలి ఉండాలి. ఈ డిసెంబరుతో పాత ఒప్పందం ముగుస్తుందని, కంపెనీ మారాలనుకుంటున్నావని అన్నయ్య చెప్పాడు. కొత్త ఒప్పందం సంతకమై చేతికి వచ్చాకే దరఖాస్తు పెట్టు. ఈలోగా అమ్మాయి పరీక్షకు చదువుకోవచ్చు.

పరీక్షలో మూడు భాగాలు: డచ్ సమాజం గురించిన జ్ఞానం, చదవడం, మాట్లాడడం. భాష స్థాయి ఏ1, అంటే మొట్టమొదటి మెట్టు. మొత్తం రుసుము 150 యూరోలు. నమోదు, రుసుము ఇక్కడి విద్యా కార్యనిర్వాహక సంస్థ డూవో ద్వారా, పరీక్ష బ్యాంకాక్‌లోని డచ్ రాయబార కార్యాలయంలో. డబ్బు కట్టాక అక్కడ తేదీ తీసుకోవాలి. ఒక భాగం తప్పితే అదొక్కటే మళ్లీ రాస్తే చాలు. పాసైన ఫలితం 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి, నీ ఉద్యోగం సంగతి తేలేదాకా ఆగకుండా పరీక్ష ముగించేయమను.

సమాజ జ్ఞానం భాగానికి భయం అక్కర్లేదు. 'నార్ నెదర్లాండ్' అనే అధికారిక పాఠ్య సామగ్రి ఉంది. అందులోని సినిమాను థాయ్ భాషలోనే చూడవచ్చు. బొమ్మలతో 100 ప్రశ్నలు ముందే ఇచ్చేస్తారు, పరీక్షలో 30 అడుగుతారు. అయితే ప్రశ్నలూ జవాబులూ డచ్‌లోనే ఉంటాయి. బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఆ అమ్మాయికి అలా చెప్పకు. తన ఊరితో కలిపి చదవమను, ఆమెది థాయ్‌లాండ్‌లోని అయుత్తయ కదా. 17వ శతాబ్దంలో డచ్ వర్తకులు అక్కడ స్థావరం పెట్టుకున్నారు, మన బందరులోనూ పెట్టుకున్నారు. మన తీరంలో నేసిన బట్టలు వాళ్ల ఓడల్లో కూడా సయాం, అంటే నేటి థాయ్‌లాండ్, చేరేవి. అయుత్తయలో ఆ పాత స్థావరం దగ్గర బాన్ హొలాండా అనే ప్రదర్శనశాల ఉంది, ఒక సెలవు రోజు వెళ్లి చూడమను. 2011 వరదల్లో వాళ్ల ఊరు ఎలా మునిగిందో ఆమెకు గుర్తుండే ఉంటుంది. 1953 ఫిబ్రవరి 1న సముద్రం కట్టలు తెంచుకుని ఈ దేశంలో 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాతే సముద్రాన్ని అడ్డుకునే డెల్టా కట్టడాలు కట్టారు. ఇలా తన ఊరి అనుభవంతో కలిపి చదివితే, నీటి గురించి ఈ దేశం ఎందుకింత పట్టుదలగా ఉంటుందో ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుస్తుంది.

అసలు కష్టం మాట్లాడే భాగంలో ఉంది. అక్కడ ఎదురుగా మనిషి ఉండరు. చెవులకు హెడ్‌ఫోన్, ముందు కంప్యూటర్, మైకు. ప్రశ్న వినిపిస్తుంది, వెంటనే జవాబు చెప్పాలి. నవ్వుతో, చేతి సైగతో సర్దుకునే వీలు ఉండదు. కొన్ని నేరుగా అడిగే ప్రశ్నలు: ఎక్కడ ఉంటారు, పనికి ఎలా వెళతారు లాంటివి. కొన్ని సగం చెప్పి వదిలేసే వాక్యాలు: 'నేను బజారుకు వెళుతున్నాను, ఎందుకంటే...' అని ఆగిపోతే మిగతాది ఆమె పూర్తి చేయాలి. చిన్న జవాబైనా ఫరవాలేదు, వాక్యం మాత్రం పూర్తిగా చెబితే మంచిది.

మా ఊరి గ్రంథాలయంలో కొత్తగా వచ్చినవాళ్లకు భాషలో సాయం చేస్తూ థాయ్ అమ్మాయిలతో చాలాసార్లు కూర్చున్నాను. వాళ్లకు ఇబ్బంది పెట్టే చోట్లు దాదాపు ఒకటే. థాయ్‌లో మాట చివర 'స' పలకదు, 'త్'గా మారిపోతుంది. 'ర' చాలామంది నోట 'ల' అవుతుంది. డచ్‌లో బియ్యాన్ని 'రైస్ట్' అంటారు, జాబితాను 'లైస్ట్' అంటారు. దుకాణంలో ఈ రెండూ తారుమారైతే పాపం ఆ పిల్ల ఎంత ఇబ్బంది పడుతుందో చూశాను. ఇంకొకటి, థాయ్ క్రియలు కాలాన్నిబట్టి, మనిషినిబట్టి రూపం మార్చుకోవు, డచ్‌లో మార్చుకుంటాయి. ఇవన్నీ నోటికి అలవాటు కావాల్సినవి కాబట్టి వ్యాకరణం పుస్తకాలు కొనిపెట్టకు. ప్రశ్నలు నువ్వు నీ గొంతుతో రికార్డు చేసి పంపు. ఆమె జవాబులు ఫోనులో రికార్డు చేసుకుని తిరిగి తానే వినాలి. మాట చివరి అక్షరం మింగేసిందా లేదా అన్నది అలా వింటేనే తెలుస్తుంది. రోజూ ఒక గంట చాలు, కానీ రోజూ. పది రోజులకొకసారి రాత్రంతా మేలుకుని చదివితే నోరు తిరగదు.

థాయ్‌లాండ్‌లో ఈ పరీక్షకు శిక్షణ ఇచ్చే బడులు ఉన్నాయి. చేరాలన్న నిర్బంధం లేదు. పాసవ్వడం ఖాయమని హామీ ఇచ్చి ముందుగానే పెద్ద మొత్తం అడిగేవాళ్ల దగ్గరకు వెళ్లనివ్వకు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు ముందే వచ్చు కాబట్టి చదివే భాగానికి ఇంట్లో సాధన సరిపోతుంది. మాట్లాడడానికి మాత్రం ఒక మంచి టీచరు ఉంటే మేలు. ఆ టీచరు నువ్వు కావద్దు. కాబోయే భర్త తప్పులు దిద్దుతుంటే రెండో వారానికే కన్నీళ్లు వస్తాయి.

కాగితాల పని నీది. జనన ధ్రువపత్రం, పెళ్లి కాలేదన్న పత్రం వాళ్ల జిల్లా కార్యాలయంలో తీసుకోవాలి. అనువాదం చేయించి, చట్టబద్ధ ధ్రువీకరణ చేయించాలి. దరఖాస్తు నువ్వు ఇక్కడి వలస శాఖ ఐఎన్‌డీకి పెట్టవచ్చు. నిర్ణయానికి 90 రోజుల గడువు. విమానం టికెట్లు, హాలు బుకింగు అన్నీ ఆ తరువాతే.

ఇక్కడికి వచ్చాక రెండో అంకం. 2022 జనవరి 1న కొత్త ఇన్‌బుర్గరింగ్ చట్టం వచ్చింది. మున్సిపాలిటీవాళ్లు పిలిచి మాట్లాడతారు, నేర్చుకునే శక్తిని అంచనా వేసే పరీక్ష పెడతారు, ఆమెకంటూ ఒక ప్రణాళిక రాసిస్తారు. ఆ ప్రణాళిక చేతికి వచ్చిన మరుసటి రోజు నుంచి 3 ఏళ్ల గడువు మొదలవుతుంది. ఆ మాటలు జరిగే రోజు నువ్వు పక్కన కూర్చుని ఆమె బదులు జవాబులు చెప్పకు. ఆమె చదువు, ఉద్యోగానుభవం ఆమే చెప్పుకోవాలి. లక్ష్యం బీ1 స్థాయి, అంటే ఏ1, ఏ2 దాటాక వచ్చే మూడో మెట్టు. బాగా ప్రయత్నించినా అందకపోతే కొన్ని భాగాలను ఏ2కు తగ్గించే వీలు ఉంది, కానీ మొదటి రోజునుంచే ఆ మాట ఎత్తవద్దు. బీ1 ఉంటేనే ఇక్కడ ఆఫీసు ఉద్యోగానికి తలుపు తడితే తెరుస్తారు. భాష తరగతుల ఖర్చు కుటుంబ వలసలో వచ్చినవాళ్లు తామే పెట్టుకోవాలి. నాణ్యత గుర్తింపు అయిన బ్లిక్ ఆప్ వెర్క్ ముద్ర ఉన్న బడినే ఎంచుకో.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీరిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషు. ఇక్కడ దుకాణంలో, బ్యాంకులో, రైల్లో అందరికీ ఇంగ్లీషు వచ్చు. నువ్వేమో ప్రేమ కొద్దీ ప్రతి ఫోనూ నువ్వే చేస్తావు, ప్రతి ఉత్తరమూ నువ్వే చదువుతావు. ఏళ్లు గడిచినా పక్కింటి అవ్వతో రెండు మాటలు ఆడలేని ఆడపిల్లలు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు, థాయ్‌వాళ్లలోనూ ఉన్నారు. వాళ్లెవరూ తెలివి తక్కువవాళ్లు కారు. వాళ్ల నోటి పని ఇంకొకరు చేసిపెట్టారు, అంతే. ఆమె నివాస అనుమతి నీ మీద ఆధారపడి ఉంటుంది. సాధారణంగా 5 ఏళ్లు దాటాకే తన సొంత అనుమతి అడగగలదు, దానికీ ఇన్‌బుర్గరింగ్ పూర్తయి ఉండాలి. శుభమా అని పెళ్లి చేసుకుంటున్నప్పుడు ఈ మాట ఎందుకని మీ అమ్మ కోప్పడుతుంది. నేను చెప్పి తీరతాను. నీకేమైనా అయినా, మీ మధ్య ఏమైనా అయినా, ఆ అమ్మాయి తన కాళ్ల మీద నిలబడాలంటే ఆమెకు ఈ భాష రావాలి. రాత్రి భోజనం దగ్గర డచ్‌లోనే మాట్లాడండి. నీ డచ్ కూడా ఇంకా కుదురుకోవాలి కదా, ఇద్దరికీ పనికొస్తుంది.

అలాగని ఆమెను తనవాళ్లకు దూరం చేయకు. వాల్వైక్‌లో థాయ్ బౌద్ధాలయం ఉంది, మీ ఇంటికి దూరమేమీ కాదు. పండుగలకు తీసుకెళ్లు. ఇక్కడ ఆస్పత్రికి నేరుగా వెళ్లడం కుదరదని, ముందు ఫ్యామిలీ డాక్టరుకు ఫోను చేయాలని, ఆయన పారాసిటమాల్ వేసుకోమని పంపేస్తే నిర్లక్ష్యంగా భావించవద్దని నువ్వు వంద సార్లు చెప్పినా ఆమెకు కోపమే వస్తుంది. ఆ ఆలయంలో కలిసే పెద్దమ్మలు థాయ్‌లో ఒక్కసారి చెబితే సరిపోతుంది.

ఈ వారంలో డూవోలో నమోదు చేసి, బ్యాంకాక్‌లో ఏ తేదీ దొరికిందో నాకు రాయి. ఆదివారం సాయంత్రాలు ఆమె నాకు ఫోను చేయవచ్చు. అరగంట, మొత్తం డచ్‌లోనే, నువ్వు పక్కన లేకుండా.

ఇట్లు,
మీ అత్తయ్య