రోటరీ ఇంజిన్ అసలు శబ్దం ఆ ‘బ్రాప్ బ్రాప్’ కాదు

మీరు అడిగినవి మూడు. వీడియోల్లో వినిపించే ‘బ్రాప్ బ్రాప్’ రోటరీ (పిస్టన్‌కు బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజిన్) సొంత శబ్దమేనా, “అది మన యమహా ఆర్‌ఎక్స్100 బైక్ సౌండే కదా” అంటున్న మీ ఫ్రెండ్ మాట నిజమేనా, గల్ఫ్ నుంచి రోటరీ ఇంజిన్ ఉన్న ఆర్‌ఎక్స్-8 కారు ఒకటి తిరుపతికి తెచ్చుకోవచ్చా అని.

మాదీ తిరుపతే, కొర్లగుంట. కువైట్‌లో పనిచేసిన రోజుల్లో నా రూమ్మేట్, పీలేరు అతను, సెకండ్ హ్యాండ్‌లో మాజ్డా ఆర్‌ఎక్స్-8 కొన్నాడు. శుక్రవారం వస్తే అందులోనే తిరుగుడు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నాకు నిరాశే. బ్రాప్ లేదు, గీప్ లేదు, కుట్టుమిషన్‌లా సన్నగా తిరుగుతోంది. కంపెనీ నుంచి వచ్చిన రోటరీ ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అలాగే ఉంటుంది. మీరు వింటున్నది పోర్టులు, అంటే మిశ్రమం లోపలికొచ్చే, పొగ బయటికెళ్ళే రంధ్రాలు, కోసి పెద్దవి చేసిన ఇంజిన్. అలా కోస్తే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి. కాలిన పొగ కొత్త పెట్రోల్-గాలి మిశ్రమంలో కలిసి, ఐడిలింగ్‌లో ఒకసారి మండుతుంది, ఒకసారి మండదు. ఆ తడబాటే బ్రాప్. 1991లో లెమాన్ 24 గంటల కార్ల రేసు గెలిచిన నాలుగు రోటర్ల మాజ్డా 787బి అరుపు మళ్ళీ వేరే లెక్క, అది పూర్తిగా రేసు ఇంజిన్.

మీ ఫ్రెండ్ మాట సగం నిజం. ఆర్‌ఎక్స్100 లాంటి టూ స్ట్రోక్‌లో పొగ బయటికెళ్ళే చోట వాల్వు లేదు, గోడలో రంధ్రమే. రోటరీలోనూ అంతే. మామూలు కారు ఇంజిన్‌లో వాల్వు మెల్లగా తెరుచుకుంటుంది. మాజ్డావాళ్ళ పాత రోటరీ కారు ఆర్‌ఎక్స్-7లో అయితే రోటర్ మూల ఎగ్జాస్ట్ రంధ్రం దాటగానే పొగ ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది, ఆ గరుకుదనం అందుకే. పైగా ఒక్కో రోటర్‌కు షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ఒక మంట, టూ స్ట్రోక్ సిలిండర్‌లో లాగే. కానీ ఆర్‌ఎక్స్-8కి వచ్చేసరికి మాజ్డా ఎగ్జాస్ట్ రంధ్రాలను పక్క గోడలకు మార్చింది, అందుకే దాని శబ్దం మెత్తగా ఉంటుంది. మీ ఇద్దరూ వేర్వేరు బండ్లు విని కొట్టుకుంటున్నారేమో!

ఆర్‌ఎక్స్-8 అసలు మజా వేరే చోట ఉంది. ఆరు గేర్ల మాన్యువల్ 9000 ఆర్‌పీఎం దాకా వణుకు లేకుండా ఎక్కుతుంది, రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర బీప్ కొట్టి గేరు మార్చమంటుంది. కింది ఆర్‌పీఎంలో మాత్రం లాగదు. అలిపిరి దాటాక ఘాట్‌లో ఆర్టీసీ బస్సు వెనక పడితే చిరాకే.

తిక్క కూడా ఉంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, పార్కింగ్‌లో పది అడుగులు జరిపి ఆపేస్తే పెట్రోల్ లోపల నిండి మళ్ళీ స్టార్ట్ కాదు. మావాడికి అలాగే అయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే పెట్రోల్ చల్లే ఇంజెక్టర్లు ఆగి తేరుకుంటుంది, ఈలోగా బ్యాటరీ దిగిపోకుంటే. ఆయిల్ తగ్గిపోతోందని మావాడు టెన్షన్ పడ్డాడు గానీ అది రోగం కాదు. రోటర్ మూలల్లో గ్యాసు జారిపోకుండా ఉండే అపెక్స్ సీళ్ళు అరగకుండా ఆ ఇంజిన్ కావాలనే కొంచెం ఆయిల్‌ను లోపల కాలుస్తుంది. పెట్రోల్ పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూడాలి.

తెచ్చుకోవడం మాత్రం మర్చిపోండి. వాడిన కారు దిగుమతి చేయాలంటే మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లోనే ఆగిపోయింది, కువైట్ బండ్లకు స్టీరింగ్ ఎడమవైపు. మీరే గల్ఫ్ వెళ్ళి అక్కడ కొనేటట్టయితే, బాగా తిప్పి వేడెక్కాక ఆపి, కొన్ని నిమిషాలాగి స్టార్ట్ చేయమని అమ్మేవాణ్ణి అడగండి. మొరాయిస్తే సీళ్ళు అరిగి కంప్రెషన్ (లోపల మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) పడిపోయిందని అనుమానించాలి. రోటరీకి సరిపోయే కంప్రెషన్ మీటర్‌తో చెక్ చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.