బ్యాటరీ మార్చాక ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే

చి. రమ్యకు,

ఆశీస్సులు. కొత్త బ్యాటరీ వేశాక ల్యాప్‌టాప్ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉందని రాశావు. బోర్డు పోయిందేమోనని కంగారుపడకు. అడుగు మూత తీసేదాకా నడిచిన మెషీన్ బిగించగానే ఆగిపోయిందంటే, లోపం చాలావరకు చెయ్యి పడ్డ చోటే ఉంటుంది. అంటే బ్యాటరీ కనెక్టర్, దాని చుట్టుపక్కల రిబ్బన్ కేబుళ్లు (పల్చటి పట్టీల్లాంటి తీగలు), స్క్రూలు, లేదంటే ఆ కొత్త బ్యాటరీయే. అక్కడ వెతక్కుండా ఏమీ కొనకు.

మళ్లీ మూత విప్పేముందు చార్జర్ పెట్టి ఓ అరగంట వదిలెయ్. కొత్త బ్యాటరీలు చాలావరకు నిద్రపుచ్చి పంపుతారు, దారిలో చార్జ్ కారిపోకుండా. చార్జర్ కరెంటు తగిలితేగానీ అవి మేలుకోవు. థింక్‌ప్యాడ్‌ల్లాంటి వాటిలో విప్పేముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి బ్యాటరీని ఆపే సదుపాయం ఉంటుంది. అలా ఆపి ఉంటే చార్జర్ పెట్టేదాకా పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా పలకదు.

అసలు ఆన్ కావడం లేదా, ఆన్ అయినా తెర వెలగడం లేదా అన్నది కూడా ముందే తేల్చుకో. క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందంటే బోర్డు బతికే ఉంది. తెర మీద టార్చి ఏటవాలుగా వేస్తే మసకగా అక్షరాలు కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్ మాత్రమే. అయస్కాంతం ఉన్న స్క్రూల పళ్లెం మీదో, మ్యాట్ మీదో పెట్టి పరీక్షిస్తున్నావేమో చూసుకో. తెర మడిచి ఉందని సెన్సర్ పొరబడి తెరను ఆపేస్తుంది. ఏ లైటైనా ఆగి ఆగి ఒకే లెక్కన మెరుస్తుంటే, ఏ రంగు ఎన్నిసార్లు మెరిసిందో రాసిపెట్టుకుని ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడు.

ఇవేవీ కాకపోతే అప్పుడు విప్పు. చార్జర్ తీసెయ్. బ్యాటరీ కనెక్టర్‌ను గోరుతోనో ప్లాస్టిక్ పుల్లతోనో ఊడదియ్యి, స్క్రూడ్రైవర్ మొన వద్దు. తర్వాత పవర్ బటన్‌ను 30 సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకో. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది, పవర్ వ్యవహారాలు చూసే చిన్న కంట్రోలర్ చిప్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఒక్కోసారి దీంతోనే పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యి. ల్యాప్‌టాప్ చెక్క బల్ల మీద ఉండాలి, లోపల చెయ్యి పెట్టకూడదు. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

ఆన్ అయిందనుకో. చార్జర్, బోర్డు, పవర్ బటన్ అన్నీ బాగున్నట్టే. ఇక చూడాల్సింది బ్యాటరీని, అది కూర్చునే చోటును. చార్జర్ మళ్లీ తీసేసి కనెక్టర్ మీద వెలుగు వేసి చూడు. ఇవి రెండు రకాలు. ఒకటి పైనుంచి నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది. రెండోది బోర్డుకు సమాంతరంగా లోపలికి జరిపేది. ఎక్కువ పేచీ ఈ రెండోదానితోనే. ఒక వైపు పూర్తిగా వెళ్లి రెండో వైపు మిల్లీమీటరు బయట ఉండిపోతుంది, పైనుంచి చూస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది. లావు తీగలు కరెంటు తెచ్చేవి, సన్నవి బ్యాటరీ తన సంగతి బోర్డుకు చెప్పుకునేవి. ఆ సన్న తీగల్లో ఒక్కటి అందకపోయినా బ్యాటరీ నిండుగా ఉండి కూడా బోర్డు దాన్ని గుర్తించదు. పిన్నులు వంగాయేమో కూడా చూడు.

తర్వాత పాత బ్యాటరీని కొత్తదాని పక్కన పెట్టి పోల్చు. ఎరుపు, నలుపు తీగలు రెండింటిలో ఒకే వైపున ఉన్నాయా? తిరగబడి ఉంటే పొరపాటున కూడా పెట్టకు. స్టిక్కర్ మీది వోల్టేజీ చదువు. 7.6 వోల్టులు, 6000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అంటే 45.6 వాట్ అవర్లు. 11.4 వోల్టులు, 4000 ఎంఏహెచ్ అన్నా అదే 45.6. వాట్ అవర్లు కలిశాయని ఒకదాని బదులు ఒకటి వేస్తే కుదరదు. మొదటిదాంట్లో రెండు సెల్స్ వరసగా ఉన్నాయి, రెండోదాంట్లో మూడు. ఎంఏహెచ్ కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, వోల్టేజీ తరగతి మాత్రం మారకూడదు. 11.1, 11.4 ఒకే తరగతి. అయినా స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ కలిస్తేనే నిశ్చింత.

మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే పరికరం) పెట్టి సున్నా చూపించగానే బ్యాటరీ చచ్చిందని తేల్చెయ్యకు. చాలా బ్యాటరీలు ల్యాప్‌టాప్‌కు తగిలించామని తెలిస్తేగానీ కరెంటు బయటికి వదలవు. పైగా ఆ ఇరుకు పిన్నుల మధ్య ప్రోబ్ జారితే షార్ట్ అవుతుంది. అంతకన్నా నమ్మకమైన పరీక్ష, పాతది ఉబ్బకుండా ఉంటే దాన్నే మళ్లీ పెట్టి చూడటం. దాంతో నడిస్తే కొత్తది తిరిగి ఇచ్చెయ్యి. ఉబ్బినదైతే మాత్రం ఏ పరీక్షకూ వాడకు.

ఇక బ్యాటరీ లేకుండా చార్జర్ మీద కూడా ఆన్ కాలేదనుకో. కొన్ని పల్చటి మోడళ్లు బ్యాటరీ లేకుండా నడవనే నడవవు. కాబట్టి ఈ ఒక్కదాన్ని పట్టుకుని బోర్డు పోయిందనుకోవద్దు. ముందు చార్జర్ చూడు. దాని మీది వోల్టేజీ ల్యాప్‌టాప్ అడుగున రాసినదానితో కలవాలి (సాధారణంగా 19, 19.5 లేదా 20 వోల్టులు), వాట్లు తక్కువ కాకూడదు. యూఎస్‌బీ సీ రకమైతే 20 వోల్టులు ఇవ్వగల పవర్ డెలివరీ చార్జర్ ఉండాలి. మామూలు 5 వోల్టుల ఫోన్ చార్జర్‌తో చాలా ల్యాప్‌టాప్‌లు లేవవు. చార్జర్ జాక్ నుంచి బోర్డుకు వెళ్లే తీగ బ్యాటరీ అంచున ఉంటే, బ్యాటరీ ఎత్తేటప్పుడు అది ఊడి ఉండొచ్చు.

నాకు ఎక్కువ అనుమానం రిబ్బన్ కేబుళ్ల మీద. పవర్ బటన్ చాలా మోడళ్లలో విడిగా చిన్న బోర్డు మీదో, కీబోర్డులోనో ఉంటుంది. దాని రిబ్బన్ వదులైతే బటన్ నొక్కినట్టు బోర్డుకు తెలియదు. మెషీన్ బాగానే ఉంటుంది, చచ్చినట్టు కనిపిస్తుంది. టచ్‌ప్యాడ్ రిబ్బన్ కొన్నిటిలో బ్యాటరీ మీదుగానే పోతుంది కాబట్టి అదీ చూడు. చార్జర్ తీసేసి, ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ పెట్టు. సాకెట్‌కు ఉండే సన్న ఫ్లాప్‌ను గోటితో పైకి లేపు, రిబ్బన్ మీది గీత సాకెట్‌కు సమాంతరంగా ఉండేలా ఆగేదాకా జరుపు, అప్పుడు ఫ్లాప్ మూసెయ్. వంకరగా దూరితే పక్క పక్క పిన్నులు కలుస్తాయి. ఫ్లాప్ లేని సాకెట్లూ ఉంటాయి, లేనిదాన్ని లేపబోయి విరగ్గొట్టకు.

ర్యామ్ విడిగా ఉంటే తీసి, ఒక్క స్టిక్ పెట్టి చూడు. డీడీఆర్5 ర్యామ్ ఉన్నవాటిలో పవర్ పూర్తిగా పోయాక మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ను సరిచూసుకుంటూ ఉంటుంది. పది నిమిషాలు ఆగు, మధ్యలో బటన్ నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది.

స్క్రూలు లెక్కపెట్టు. ల్యాప్‌టాప్‌ను మెల్లగా వంచితే లోపల గలగలమంటే ఒకటి దొర్లుతోందన్నమాట. పొట్టి స్క్రూ ఉండాల్సిన రంధ్రంలో పొడుగుది బిగిస్తే బోర్డును గుచ్చుతుంది. మూత బిగించకుండా ఊరికే ఆనించి చూస్తే ఆన్ అవుతూ, బిగించగానే ఆగిపోతుంటే కారణం అదే కావచ్చు.

చార్జర్ ఉండగానే బ్యాటరీ తగిలించినా, ఇనుప మొనతో కనెక్టర్ పీకినా దాని పక్కనే ఉండే బియ్యపుగింజంత ఫ్యూజ్ పోవచ్చు. పవర్ అంతా తీసేసి మల్టీమీటర్‌తో కొలిస్తే దాదాపు సున్నా ఓమ్‌లు చూపించాలి. తెగిపోయిందని చూపిస్తే టంకం పని తెలిసినవాళ్ల చేతికి ఇవ్వు. తీగ ముక్కతో కలిపి నడిపించేస్తే మంట పుట్టినా ఆపే దిక్కుండదు.

ఆన్ అయ్యాక వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. తేదీ తప్పు చూపించినా, డిస్క్ కనపడటం లేదన్నా బయోస్ సెట్టింగులు చెరిగిపోయి ఉండొచ్చు. డిస్క్ మోడ్ (ఏహెచ్‌సీఐ, రెయిడ్ వగైరా) మునుపటిదే పెట్టు, విండోస్ మళ్లీ ఎక్కించకు. లోపల తేదీని, సెట్టింగులను నిలిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటే కొలువు, కొత్తదానికి 3 వోల్టులు. 2.5 దగ్గరికి దిగితే మార్చెయ్. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) 48 అంకెల కీ అడిగితే నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ఫోన్‌లోంచి చూడు.

వేడెక్కినా, తియ్యటి రసాయన వాసన వచ్చినా చార్జర్ పీకేసి దూరంగా పెట్టి ఆగిపో. పాత బ్యాటరీ కనెక్టర్ మీద టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వు, చెత్తబుట్టలో వెయ్యకు. రిపేరుకు ఇవ్వాల్సొస్తే చార్జర్ ఒక్కదానితో ఏమైంది, పాత బ్యాటరీతో ఏమైంది, లైటు ఎన్నిసార్లు మెరిసింది, ఈ మూడూ చీటీ మీద రాసి ల్యాప్‌టాప్‌కే అంటించి ఇవ్వు.

ఇట్లు
మీ పెదనాన్న